గొలుసుల పోస్టర్లు చాలు, కమిషన్ సంగతి తేల్చండి

ఏటా జూలై 30న మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినం జరుపుతారు. పోస్టర్లన్నీ ఒకేలా ఉంటాయి: చీకటి గది, గొలుసు వేసిన చేతులు, కళ్లనిండా నీళ్లతో ఓ అమ్మాయి. ఆ బొమ్మలు చూస్తూ పెరిగిన కుర్రాడికి తెలిసినవాడే ఫోన్ చేసి, విదేశంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఉందంటే అనుమానం ఎందుకొస్తుంది? వాడు చూపించేది గొలుసు కాదు, ఆఫర్ లెటర్.

అవగాహన పేరుతో పిల్లలకు తప్పుడు ఆనవాళ్లు నేర్పుతున్నామన్నదే నా అభ్యంతరం.

కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల శిబిరాల గురించి చదివే ఉంటారు: ఉద్యోగమని రప్పించి, ఆన్‌లైన్‌లో జనాన్ని మోసం చేసే పని బలవంతంగా చేయిస్తారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది దాకా ఇలా చిక్కుకుని ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పింది. వాళ్లలో చాలామంది బాగా చదువుకున్నవాళ్లేనని కూడా ఆ నివేదికే చెప్పింది. డిగ్రీలున్నాయి, రెండు మూడు భాషలొచ్చు. అమాయకులే మోసపోతారన్న మన ధీమా అక్కడే తేలిపోయింది.

అసలు ఉచ్చు అప్పు. ఉద్యోగం ఇప్పించడానికి ఏజెంటు కమిషన్ అడుగుతాడు. ఇంట్లోవాళ్లు అప్పు చేస్తారు. అక్కడికి చేరాక పాస్‌పోర్టు లాక్కుంటారు. టికెట్టు, గది, తిండి అన్నీ ఖాతాలో రాస్తారు. టార్గెట్ అందుకోకపోతే జరిమానా, అదీ ఖాతాలోకే. నెల తిరిగేసరికి జీతం రాకపోగా బాకీ పెరుగుతుంది. ఇక గేటు తెరిచి ఉంచినా అతను ఎక్కడికి పోతాడు?

పనిలో పెట్టినందుకు ఏజెన్సీలు కార్మికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒప్పందంలో రాసింది. కొన్ని మినహాయింపులున్నా, మూల సూత్రం అదే. చాలా దేశాలు ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. బలవంతపు చాకిరీ మీద ఏడాదికి 236 బిలియన్ డాలర్ల అక్రమ లాభం పోగవుతోందని అదే సంస్థ 2024లో లెక్కగట్టింది. అంత డబ్బున్న వ్యాపారాన్ని కరపత్రాలతో ఆపుతామంటే నాకు నవ్వొస్తుంది.

ప్రచారం వల్ల కొందరైనా జాగ్రత్తపడతారు కదా అంటారు. పడతారు, కాదనను. వీసా ఏ రకమో, కంపెనీ నిజంగా ఉందో లేదో చూసుకోవడం నేర్పాల్సిందే. కానీ మొత్తం భారం పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పెట్టి, కమిషన్ తిన్నవాణ్ని వదిలేస్తే దాన్ని రక్షణ అనలేం.

ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ పోస్టరు మీద వేయరు. తప్పించుకునే దారి దొరికినా కొందరు ఇంటికి ఫోన్ చేయరు. సిగ్గు. ‘అంత జీతమంటే ఎలా నమ్మావురా?’ అని మొదట అడిగేది మనమే. మోసంతో రాబట్టిన సమ్మతి సమ్మతే కాదని మనుషుల అక్రమ రవాణాపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 2000 నాటి పలెర్మో ప్రోటోకాల్, తేల్చేసింది. దోపిడీ కోసం తరలించింది పద్దెనిమిది నిండనివాళ్లనైతే మోసాన్ని రుజువు చేయాల్సిన అవసరం కూడా లేదు. చట్టం అడగని ప్రశ్న ఇంట్లోవాళ్లు అడుగుతారు. మార్కులు తగ్గితే దాచడం, ఉద్యోగం పోతే దాచడం చిన్నప్పటినుంచీ అలవాటు చేశాం కదా. ఓడిపోయి వస్తే తలుపు తీస్తారో లేదో తెలియని పిల్లల మీద ఏజెంటు పెద్దగా కష్టపడక్కర్లేదు.

వచ్చే జూలైకి ఎవరైనా గొలుసుల బొమ్మ తీసేసి, ‘కమిషన్ అడిగాడంటే అనుమానించు, ఇప్పటికే కట్టేశావా, అప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఫోన్ చెయ్’ అని అచ్చు వేస్తే చెప్పండి. మొదటి పోస్టరు నేనే అంటిస్తాను.