బయటికొచ్చిన చక్రాల ప్రశస్తి

ఏపీ 24 నంబరు ప్లేటుతో ఇప్పటికీ తిరుగుతున్న పాత కార్లకు నల్లగొండలో అలాయ్ రిమ్ములు బిగించే శుభకార్యంలో ఆఫ్‌సెట్ అనే అంకెను ఎవరూ పట్టించుకోవడం లేదని కొందరు మెకానిక్కులు వాపోతున్నారు. అలా పట్టించుకోకపోవడమే జిల్లా ఆర్థిక వ్యవస్థకు శ్రేయస్కరమని సవినయంగా మనవి చేస్తున్నాను.

ముందుగా ప్రతిపక్షం వారి వాదన విందాం. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడుమ ఒక గీత ఊహించుకుంటే, హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు, ఆనుకునే తలం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. సాధారణంగా రిమ్ము వెనుక ‘ఈటీ’ అన్న అక్షరాల పక్కన ఆ అంకె కనిపిస్తుంది. అది తగ్గిన కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. అయిదంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసేసి ఆరంగుళాల వెడల్పు, ఈటీ 35 ఉన్నది బిగించారనుకోండి. వెడల్పు పెరిగినందుకు ఒక్కో పక్క 12.7 మిల్లీమీటర్లు, అంకె తగ్గినందుకు మరో 10, వెరసి బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. లోపలి అంచు మాత్రం 2.7 మిల్లీమీటర్లే లోపలికి పోతుంది. బడి పిల్లలు సైతం చేయగల లెక్క కాబట్టి పెద్దలు దీని జోలికి పోరు.

దుకాణంలో కొలమానం వేరు. “రెండు వేళ్లు బయటికొస్తె సాలన్నా, లుక్కే వేరుంటది” అంటాడు పిల్లగాడు. యజమాని రోడ్డు దాటి అవతల నిలబడి, తల ఒక పక్కకు వంచి, కారును చూసి తృప్తిగా డబ్బు లెక్కపెడతాడు. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడటం, వెనుక సీటు నిండా మనుషులను కూర్చోబెట్టి బండి కిందికి దిగినప్పుడు టైరు ఎక్కడ తగులుతుందో వంగి చూడటం వంటి పనులు కొత్త రిమ్ములు కొన్న మనిషి హోదాకు తగినవి కావు. ఆ పరీక్షను దేవరకొండ దారిలోని ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ పెళ్లికి పోయే కుటుంబమంతా కారులో ఉండగా ఉచితంగా చేసిపెడుతుంది. మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని సన్నగా చెక్కుతుంది, ఆ రబ్బరు తురుము లోపలి మడతలో నల్లగా పేరుకుంటుంది. అంచును సుత్తితో లోపలికి మడిచే డెంటర్‌కు పని దొరుకుతుంది. మడిచిన చోట రంగు పెచ్చులూడి వానాకాలంలో తుప్పు పట్టగానే పెయింటర్‌కు పని దొరుకుతుంది. టైరు చిమ్మే బురద నేరుగా తలుపుల మీదికే వస్తుంది గనుక వాటర్ సర్వీసింగ్ వారూ పస్తులుండరు. బరువు మోసే నడిమి గీత 10 మిల్లీమీటర్లు బయటికి జరగడంతో హబ్ బేరింగు తన ఆయుష్షును కొంత త్యాగం చేసి స్పేర్ పార్ట్స్ దుకాణాన్ని నిలబెడుతుంది. ఇందరి పొట్ట కొట్టడానికి ఈ ఆఫ్‌సెట్ పండితులకు మనసెలా ఒప్పుతుందో!

టైరు సైజు విషయంలో మాత్రం దుకాణదారులు నన్ను తీవ్రంగా నిరాశపరిచారు. 175/70 ఆర్ 13 (175 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 13 అంగుళాల రిమ్ము) స్థానంలో 185/60 ఆర్ 14 వేయమని చెబుతున్నారు. రెండింటి ఎత్తుకూ తేడా 2 మిల్లీమీటర్ల పైచిలుకే కావడంతో స్పీడోమీటరు దాదాపు మునుపటిలాగే నిజం చెబుతోంది.

ఆ లోటును రిమ్ము నడుమ ఉండే రంధ్రం పూడ్చింది. హబ్బు వ్యాసం 54.1 మిల్లీమీటర్లయితే, అన్ని కార్లకూ పనికిరావాలని చేసిన రిమ్ము రంధ్రం చాలాసార్లు 73.1 ఉంటుంది. ఆ సందును నింపే చిన్న రింగును దుకాణంవారు ఇవ్వరు, కొనేవారు అడగరు. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కి ఎనభై దాటగానే, చక్రం హబ్బుకు సరిగ్గా నడుమన కూర్చోనందుకు స్టీరింగు వణుకుతుంది. యజమాని అలైన్‌మెంట్ చేయిస్తాడు, బ్యాలెన్సింగ్ చేయిస్తాడు, మళ్లీ అలైన్‌మెంట్ చేయిస్తాడు. దిష్టి తీయించిన తర్వాత కూడా వణుకు తగ్గకపోతే రోడ్డు కాంట్రాక్టరును తిడతాడు.

ఇంత జరిగాక ఆ కారులో కంపెనీ లెక్క ప్రకారం మిగిలిన చక్రం డిక్కీలోని స్టెప్నీ ఒక్కటే. పంక్చరైన రోజున దాన్ని బిగిస్తే ఆ ఒక్క పక్క చక్రం మడ్‌గార్డులోకి సరిగ్గా ఒదిగిపోతుంది. చూసినవాళ్లు మాత్రం ఆగి, “అన్నా, నీ టైరొకటి లోపటికి పోయింది, సూస్కో” అని హెచ్చరించి వెళ్తున్నారు.