వాళ్ళ నాన్నకంట!

ఇప్పుడే కావలి నుంచి ఇంటికొచ్చా, ఇంకా చేతులు వణకతా ఉండాయి, తప్పులుంటే ఏమనుకోబాకండి.

అమ్మకి బీపీ మాత్రలు తీసుకుందామని మందుల షాపు కాడ బండి ఆపా. పక్కనే వైన్స్. స్కూలు ప్యాంటు మీదున్న పిల్లోడు, మీసం కూడా రాలా, కమ్మీల్లోంచి చెయ్యి దూర్చి వంద నోటిస్తే కౌంటరాయన 99 రూపాయల క్వార్టర్ చేతిలో పెట్టాడు. రూపాయి చిల్లర బదులు ఏమిచ్చాడో తెలుసా, చాక్లెట్! అంటే చాక్లెట్ తినే వయసని ఆయనకీ తెలుసు.

"ఏందన్నా పిల్లోడికిస్తా ఉండావే" అంటే "వాళ్ళ నాన్నకంట సార్, మీకెందుకు" అన్నాడు. నాకెందుకా! సిమ్ కార్డుకి ఆధార్, లాడ్జీలో రూముకి ఆధార్, మా అమ్మ పింఛనుకి అరిగిపోయిన వేలిముద్ర పడక నాలుగుసార్లు తిరగాల, క్వార్టర్‌కి మాత్రం వంద నోటు చాలు. మన రాష్ట్రంలో 21 నిండందే అమ్మకూడదు కదా. 18 లోపు పిల్లోడి చేతికి మందిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్, ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. సిగరెట్ ఇచ్చినా అదే. ఇంక 'నాన్నకంట' బ్యాచ్‌కి 78 ఉండాది, మందు మోయడానికి పిల్లల్ని వాడుకుంటే శిక్ష అంతే. అంటే ఆ నాన్న గారు కూడా లోపలికే. 2015 నాటి చట్టం ఇది, నిన్న మొన్నటిది కాదు.

కేసు పడినా పొయ్యేది నెల జీతానికి నిలబడే ఆ కౌంటరాయనేలే, లైసెన్సు పెద్దమనిషి ఏసీలో ఉంటాడు. ఈ సంగతి చెప్తే మా బావ ఫోన్లో "పాపం పేదోడు, పొట్ట కొట్టబాక" అని నీతులు. పేదోడే బావా, కాదన్లా, మరి ఆ పిల్లోడు జమీందారు కొడుకా?

ఈ 'పాపం' నాకు కొత్త కాదు. 1991లో నేను మూడో తరగతి, కలిగిరి పక్క మా ఊళ్ళో నాన్నకి సారా ప్యాకెట్లు నిక్కరు జేబులో తెచ్చింది నేనే. ఒకరోజు ప్యాకెట్ పగిలి తొడంతా తడిసింది, బళ్ళో అయ్యవారు వాసన చూసి బెత్తం విరిగేదాకా కొట్టాడు. అమ్మినోణ్ణి కాదు, పంపినాయన్ని కాదు, నన్ను. అమ్మినోడెవురనుకున్నారు, ఈ బావ వాళ్ళ నాన్నే, మా సొంత మేనమామ! "అల్లుడు బో తెలివైనోడు, చిల్లర లెక్క తప్పడు" అని అందరిముందూ మెచ్చుకునేవాడు.

మరుసటేడు దూబగుంట ఆడోళ్ళు సారా మీద తిరగబడ్డాక మా ఊళ్ళోనూ చీపుళ్ళు లేచాయి, తన తమ్ముడి కొట్టు ముందర అందరికంటే ముందు నిలబడింది మా అమ్మే. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది కూడా, మా మామ మాత్రం అమ్మతో మాట్లాడ్డం మొదలుపెట్టలా. పొట్ట కొట్టిందంట.

బావ మూడోసారి ఫోన్ చేస్తా ఉండాడు. ఎత్తను పో.