‘తయారీ సమయం: 15 నిమిషాలు’ గారికి

మహారాజశ్రీ ‘తయారీ సమయం: 15 నిమిషాలు’ గారి సముఖానికి,

విజయవాడ నుంచి మోచేతుల దాకా మసితో నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. గిన్నె మాత్రం క్షేమంగా లేదు. దాని సంగతి చివర్లో మనవి చేసుకుంటాను.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. పోలి స్వర్గానికి వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం, కార్తీకమంతా నోరు కట్టుకున్న ఊరు ఊరంతా కోడి మీద పడిన రోజున, యనమలకుదురు కరకట్ట దిగి నాటు పడవెక్కి పద్నాలుగు మందిని లంకలోకి వెంటేసుకెళ్ళింది నేనే. "ఎవరూ ఏమీ తేవద్దు, అక్కడే వేడివేడిగా వండి పెడతా" అని ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టిందీ నేనే. ఆ మెసేజ్ ఇప్పుడు మా బావమరిది ఫోన్‌లో రింగ్‌టోన్.

నాకంత ధైర్యం ఇచ్చింది మీరేనండీ. "క్యాంపింగుకీ, బోటు షికారుకీ అదిరిపోయే చికెన్ పులావ్. ఒకే గిన్నె. అతి సులువు" అని ఫోన్‌లో దొరికిన రెసిపీ పైన రాసి ఉంది. కింద చిన్న గడియారం బొమ్మ, దాని పక్కన చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా మీరు.

పదిన్నరకి పని మొదలుపెట్టాను. విస్తట్లో పులావ్ పడేసరికి మూడుంపావు. లెక్క వేసుకున్నాను, 285 నిమిషాలు. అంటే మీలాంటి పెద్దమనుషులు పందొమ్మిది మంది వరసగా వస్తేగానీ మాకు ముద్ద దిగలేదు.

మీ ఇంట్లోవాళ్ళ గురించి ఎక్కువ మాట్లాడను. ‘నలుగురికి సరిపడా’ అని మీ తమ్ముడొకడున్నాడు. ఆ నలుగురూ ఎవరో, పాపం, జ్వరం పడి లేచినట్టున్నారు. ‘రుచికి తగినంత ఉప్పు’ అట. ఆ తగినంత ఎంతో తెలిస్తే ఫోన్ చూస్తూ ఎందుకు వండుతానండీ? ఇక ‘కారం అర టీస్పూను’. గుంటూరు మిర్చి యార్డుకి 35 కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఆ మాట పైకి చదివాను. మా బావది గుంటూరు. "అర టీస్పూను దిష్టి తియ్యడానికా?" అన్నాడు. పోనివ్వండి, వాళ్ళని వదిలేశాను. మిమ్మల్ని వదల్లేకపోతున్నాను.

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ధాతుజ విశేషణం చెప్పారు. వండిన అన్నం, కోసిన పండు. మార్కులు పోయాయిగానీ అదెందుకు పనికొస్తుందో అప్పుడర్థం కాలేదు. ఇసుకలో గొంతుక్కూర్చుని మీ పదార్థాల జాబితా రెండోసారి చదివినప్పుడు అర్థమైంది. "అరగంట నానబెట్టిన బాస్మతి బియ్యం. పెరుగు, మసాలా పట్టించి గంట ఉంచిన చికెన్. సన్నగా తరిగి, బంగారు రంగు వచ్చేవరకు వేయించిన ఉల్లిపాయలు. శుభ్రం చేసిన పుదీనా. దంచిన అల్లం వెల్లుల్లి." ఇవన్నీ సిద్ధంగా పెట్టుకున్నాక మీరు తాపీగా దిగి గడియారం నొక్కుతారు! నానబెట్టిన, పట్టించి ఉంచిన, తరిగిన, వేయించిన, దంచిన... పనంతా విశేషణాల్లో దాచేసి, మిగిలిన గరిట తిప్పుడుకి 15 నిమిషాలని పేరు పెట్టుకున్నారు. పెళ్ళంతా అయ్యాక వచ్చి అక్షింతలు వేసి, పెళ్ళి నేనే చేశాను అన్నట్టుంది.

కాస్త ఉల్లిపాయ దగ్గర ఆగుదాం. పద్నాలుగు మందికి కిలోన్నర ఉల్లిపాయలు. పడవ బల్ల మీద పెట్టి, పండ్లు కోసుకునే చాకుతో తరిగాను. కోస్తున్నంతసేపూ ఏటి గాలి ఆ ఘాటునంతా మోసుకొచ్చి నా కళ్ళలోనే పోసింది. తరగడానికే ముప్పావుగంట. వేగడం మొదలుపెట్టాక ఉల్లిపాయ ఎవరి మాటా వినదు. మొదట నీళ్ళు వదులుతుంది, మెత్తబడుతుంది, ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంటుంది. ఇక రంగు రాదులే అని పక్కకి తిరిగి పిల్లాణ్ణి నీళ్ళవైపు వెళ్ళొద్దని కేకేసి వచ్చేసరికి నల్లబడుతుంది. ఇంట్లో, గ్యాసు మీద, గాలి లేనిచోటే పావుకిలో ఉల్లిపాయ ఎర్రగా వేగడానికి పావుగంట పైన పడుతుంది. అంటే మీ ఆయుష్షు మొత్తం ఒక్క ఉల్లిపాయకే చాలదు. కోడి ఇంకా డబ్బాలోనే ఉంది.

పొయ్యి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ‘మీడియం ఫ్లేమ్’ అన్నారు. కృష్ణ ఒడ్డున, డిసెంబరు గాలిలో, సర్వి కట్టెలకి మీడియం ఎటు తిప్పితే వస్తుందండీ? ఆన్‌లైన్‌లో తెప్పించిన మడత స్టవ్వు మీద పద్నాలుగు మంది గిన్నె ఎక్కిస్తే దాని కాళ్ళు వంగాయి. మూడు ఇటుకలు పెట్టి కట్టెలు రాజేస్తే, మంట గిన్నె కిందనుంచి జారిపోయి పక్కనున్న గాలిని వేడి చేసింది. గిన్నెకి ఒక పక్క మాడుతోంది, రెండో పక్క చెయ్యి ఆన్చుకోవచ్చు. చివరికి పడవ నడిపే బాబాయ్ చుట్ట పక్కన పెట్టి లేచాడు. "ఇసకలో గుంట తియ్యాల బాబూ. పైన పెడితే గాలికి కాక నిలవదు" అని చేత్తోనే మోకాలి లోతు తవ్వి, గాలి వచ్చే వైపు చిన్న దారి వదిలి, ఇటుకలు అందులో దింపాడు. అప్పుడు నిలిచింది మంట. టైము పన్నెండున్నర.

ఒక పక్క కూర్చుని ఎగువనున్న ప్రకాశం బ్యారేజీ గురించి ఆలోచించానంటే నమ్మండి. దానికి ముందున్న పాత ఆనకట్టని 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తిచేశారు. మూడేళ్ళు. ఇంత నదికి అడ్డుకట్ట వేసినవాళ్ళు కూడా అతి సులువు అని బోర్డు పెట్టుకోలేదు.

ఒంటిగంట అయింది. పిల్లలు చిప్సు ప్యాకెట్లు అయిపోయి, ఉత్త ఉల్లిపాయ ముక్కలు తింటున్నారు. అప్పుడు మా పెద్దమ్మ పడవలోంచి బట్టసంచీ తెచ్చి, ఏమీ మాట్లాడకుండా స్టీలు క్యారేజీ విప్పింది. పులిహోర. ఏమీ తేవద్దన్నానుగా అంటే, "పడవలో పిల్లలకి ఆకలేస్తే ఉంటుందని" అంది. పసుపు పట్టిన మెతుకులు, అంటుకోకుండా, నూనె మెరుస్తూ. నల్లబడిన ఎండుమిరపకాయ, పంటికింద శనగపప్పు. చింతపండు పులుపూ నూనే ఉన్నాయి కాబట్టి సాయంత్రం దాకా చెడదు, చల్లారితే ఇంకా బావుంటుంది. వేడి చెయ్యక్కర్లేదు, గాలికి భయపడదు. పడవ షికారుకి ఇంతకంటే అమరిన వంట ఏముంది? మనం మాత్రం ఫోన్‌లో వెతుకుతాం.

ఎంతసేపు పట్టింది పెద్దమ్మా అని అడిగాను. "ఏముందిరా, చిటికెలో అయిపోయింది" అంది.

ఆవిడ చింతపండు నానబెట్టింది ముందురోజు రాత్రి. లేచింది నాలుగింటికి. గుజ్జు తీసి, ఉడికించి, అన్నం వార్చి, పళ్ళెంలో ఆరబోసి, పోపు పెట్టి, కలిపి, క్యారేజీ సర్ది, గిన్నెలు తోమి వచ్చింది. మా ఆవిడ నాకేసి చూసి, "మీరు రోజూ తినే కూర కూడా చిటికెలోనే అవుతుంది లెండి" అంది. అక్కడ తగిలింది నాకు.

ఒరేయ్ 15 నిమిషాలూ! చిటికెలో అయిపోయిందని ఆవిడ అంటే అది మర్యాద. నువ్వంటే మోసం. "తరిగిన ఉల్లిపాయలు" అని రాస్తావే, ఎవరు తరిగార్రా? "నానబెట్టిన బియ్యం", ఎవరు గుర్తుపెట్టుకుని నానబెట్టారు? నీ జాబితాలో ఒక మనిషి తెల్లవారుజాము నుంచీ నిలబడి ఉంది. ఆవిడ పేరు లేదు, ఆవిడ గడియారం లేదు. ఇన్నేళ్ళూ ఆ చేతులు మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి నిన్ను నమ్మాను. మొన్న అవి నావే అయ్యేసరికి నీ బండారం బయటపడింది.

మీ పులావ్ సంగతి కూడా చెప్పాలి కదా. అడుగున బొగ్గు, మధ్యలో అన్నం, పైన బియ్యం. ముక్క మాత్రం ఉడికింది, అబద్ధమాడను. మా బావ మధ్య పొర కోసం బావి తవ్వినట్టు తవ్వుకుని తిన్నాడు.

మేం గిన్నె దింపాక గుంటలో నిప్పు కణకణలాడుతూ మిగిలింది. బాబాయ్ ఒడ్డునున్న తోటలోంచి పది వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు తెచ్చి అందులో పడేశాడు. తొక్క నల్లబడి పగిలి, చివర బుస్సుమని నీరు చిమ్మింది. నీళ్ళలో చేతులు తడుపుకుంటూ తొక్క ఒలిచి, పిల్లలు తినగా మిగిలిన ఉల్లిపాయ, ఉప్పు, పిసికిన చింతపండు వేసి చేత్తోనే మెదిపాడు. ఆ మధ్య పొర అన్నం ఈ పచ్చడి తోడు వచ్చాకే కదిలింది. దొంగతనంగా ఫోన్‌లో టైము చూశాను. సరిగ్గా పావుగంట. సంబరపడకు. ఆ నిప్పు తయారవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. "మండి బొగ్గయిన కట్టెలు" అని నువ్వయితే దాన్నీ జాబితాలో తోసేసేవాడివి.

ఎంతసేపు కాల్చాలి బాబాయ్ అని అడిగితే, "కాలేదాకా" అన్నాడు.

సంక్రాంతికి సూర్యలంక బీచికి వెళ్దామంటున్నారు. వంట నువ్వే చెయ్యాలని బావమరిది పట్టుబడుతున్నాడు, రింగ్‌టోన్ మార్చాలట. వస్తాను. పులిహోర నేనే కలుపుతాను, చింతపండు ముందురోజు రాత్రి నేనే నానబెడతాను. నిన్ను మాత్రం పిలవను.

గిన్నె అడుగు మూడు రోజులుగా నానుతోంది. సోడా వేశాను, నిమ్మచెక్కలు వేశాను, కొబ్బరిపీచు అరిగిపోయింది. రేపో ఎల్లుండో వదిలితే కబురు చేస్తాను. మీ పదార్థాల జాబితాలో మొదటి వరసలో వేసుకోండి: తోమిన గిన్నె, ఒకటి.