చెన్నై ఉక్కకీ కుకీ సాగకపోవడానికీ ఏం సంబంధం?

పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఈ నెలలో మూడుసార్లు వచ్చిన మెసేజీ ఇది: "చెన్నై ఉక్కలో పల్చటి, సాగే కుకీలు రావు. బెంగళూరు లాంటి చల్లటి ఊళ్ళోనే వస్తాయి. ఇక్కడ చేయాలంటే వెన్న బదులు నెయ్యి వేయండి, పంచదార సగానికి తగ్గించండి, వంట సోడా లేకపోతే బేకింగ్ పౌడర్ వేయండి, వేలితో నొక్కితే గట్టిగా తగిలేదాకా కాల్చండి." కింద వరసగా దండాల బొమ్మలు. దీని ప్రకారం చేసి ఒక ట్రే చెత్తబుట్ట పాలు చేసినదాన్ని కనుక జవాబు చెప్పే హక్కు నాకుంది. బెంగళూరులో ఉన్న మా చెల్లికీ మొదటి ట్రే పాడైంది. అదీ ఈ మెసేజీ చూసే చేసింది మరి.

ముందు ఉక్క సంగతి. ఓవెన్ లోపల 175 డిగ్రీలు. బయట 30 ఉందా 38 ఉందా అన్నది ఆ పెట్టెకి పట్టదు. ఊరి వాతావరణం కుకీ జోలికి వచ్చేది రెండు చోట్లే: కాల్చకముందు వెన్న దగ్గర, కాల్చాక డబ్బా దగ్గర. ఈ చాక్లెట్ ముక్కల కుకీ 1930లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, టోల్ హౌస్ అనే సత్రం నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ చేతిలో పుట్టింది. ఆ చలి ప్రాంతాల వాళ్ళు "బయట ఉంచిన మెత్తటి వెన్న" అంటే 20 డిగ్రీల దగ్గర, వేలు పెడితే సొట్ట పడేది. మే నెలలో మన వంటింట్లో అది గిన్నెలో నూనె. గిలక్కొట్టి గాలి ఎక్కించే రకానికి అది ఇబ్బందే. పల్చటి కుకీకైతే వెన్నను మనమే పనిగట్టుకుని కరిగిస్తాం! గాలి ఎక్కని పిండి పొంగదు, పరుచుకుంటుంది. మన ఎండ ఆ కరిగించే పనేదో తనే చేసిపెడుతోంది.

డబ్బా గొడవ వేరు. పంచదార గాల్లో తేమ లాగుతుంది కాబట్టి రెండో రోజుకి అంచుల కరకర పోతుంది. అది గాలి తగిలిన అప్పడం మెత్తదనం, జీడి సాగుడు కాదు. మెసేజీ రాసినవారు రెండూ ఒకటే అనుకున్నారు. మూత బిగుతుగా ఉండే డబ్బా ఒకటి చాలు దీనికి.

నెయ్యి మాట. వెన్నలో నూటికి 80 పాళ్ళు కొవ్వు, 16 దాకా నీళ్ళు. నేతిలో నీళ్ళు దాదాపు ఉండవు. పంచదారను కరిగించడానికీ, మైదాలో జిగురు పుట్టించడానికీ ఆ నీళ్ళు పనికొస్తాయి. నెయ్యితో చేస్తే వచ్చేది నాన్‌ఖటాయి. నోట్లో వేసుకోగానే పొడైపోవడమే దాని అందం, నాకూ ఇష్టమే. కానీ సాగేది అడిగినవాళ్ళ చేతిలో పొడయ్యేది పెడితే ఎలా?

పంచదార తగ్గిస్తే తీపి ఒక్కటే తగ్గుతుందనుకోవడం ఇంకో పొరపాటు. వేడికి కరిగి పాకమై పిండిని పరిచేది అదే, చల్లారాక తేమ పట్టి ఉంచేదీ అదే. సగం తీసేస్తే నా ట్రేలో ఉండలు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. తీపి ఎక్కువనిపిస్తే కుకీ చిన్నది చేసుకోండి. ఇందులో ఎక్కువ పాలు బ్రౌన్ షుగర్ పడాలి, దాన్లోని మొలాసిస్, అంటే చెరకు మడ్డి, తేమను వదలదు. కొట్లో ఆ పేరుతో చేతిలో పెట్టేది చాలాసార్లు డెమెరారా అనే ఇంకో రకం చక్కెర: పెద్ద పలుకు, పొడిపొడిగా జారుతుంది. గుప్పిట్లో నొక్కితే తడి ఇసుకలా ముద్ద కట్టేది కావాలి. దొరక్క ఒకసారి మెత్తటి బెల్లం పొడి వేశాను. బాగానే సాగింది, కాకపోతే ఇల్లంతా సంక్రాంతి వాసన.

సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు. పౌడర్‌లో సోడాతో పాటు ఆమ్లం కూడా కలిపి ఉంటుంది, అది ఉబ్బిస్తుంది. వట్టి సోడా వేస్తే గుడ్డు గట్టిపడటం ఆలస్యమై ఈలోగా పిండి పరుచుకుంటుంది, రంగూ బాగా తిరుగుతుంది. ఎక్కువైతే సబ్బు రుచి.

గట్టిగా తగిలేదాకా కాల్చమన్నదే అన్నిటికన్నా చెడ్డ సలహా. 16 నిమిషాలు ఉంచాను. మా అత్తగారు ఒకటి కొరకబోయి, మానేసి, బల్ల మీద కొట్టి చూశారు. టక్కుమంది. "పాకం ముదరబెట్టావమ్మాయ్" అన్నారు. ఓవెన్ ముట్టుకోని మనిషి, ఒక్క ముక్కలో తేల్చేశారు. అరిసెల పాకం ఉండకి రాగానే దించకపోతే తినేది అరిసె కాదు, పలక. ఇదీ అంతే. అంచులు బంగారు రంగు తిరిగి, నడుమ ఇంకా తడిగా, పచ్చిగా కనబడుతుండగానే బయటికి తీయాలి. వేడి ట్రే మీద మరో ఐదు నిమిషాలు అదే ఉడుకుతుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్లలో (ఓటీజీల్లో) డయల్ చూపే వేడికీ లోపలి వేడికీ చాలాసార్లు పొత్తు కుదరదు, కాబట్టి 9వ నిమిషం నుంచి అద్దం ముందు కూర్చోవడమే.

నాకు కుదిరిన కొలత: కరిగించి చల్లార్చిన వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100, పంచదార 75, గుడ్డు 1, మైదా 130, సోడా అర టీస్పూను, చాక్లెట్ ముక్కలు 100. ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు వద్దు. మన వేడికి పిండి జారుగా ఉంటుంది, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ట్రేకి ఆరు ఉండలే, బాగా ఎడంగా. అయినా ఒకదానికొకటి అంటుకుపోతే చాకుతో కోసుకోండి, మేం మొదటిసారి అలాగే తిన్నాం.