ఎండ వచ్చి రాదు సార్

మద్రాసు తెలుగులో "వచ్చి" అనే మాటకు అర్థం ఉండదు. తమిళంలో మాటకూ మాటకూ నడుమ "వందు" అని పడేస్తుంటారు. అక్కడి మనవాళ్ళు దాన్ని తెలుగు చేసుకుని "మా ఊరు వచ్చి తిరుత్తణి", "రేటు వచ్చి పదహారొందలు" అంటారు. ఆ వచ్చి ఎక్కడి నుంచీ రాదు, ఎక్కడికీ పోదు. ఈ సంగతి నాకు తెలుసు. మా మామగారికి తెలియదు.

ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. నెల్లూరులో కంటి డాక్టర్లు లేక కాదు. కంటికైనా, గుండెకైనా, పెళ్ళి చీరలకైనా రైలెక్కి మద్రాసు పోతేనే పని జరిగినట్టు లెక్క మా వైపు. 1996లో ఆ ఊరికి చెన్నై అని పేరు మార్చారు గానీ, ఆ ఉత్తర్వు గూడూరు దాటి మాదాకా రాలేదు. నుంగంబాక్కంలో పొద్దున 8 గంటలకు పరీక్షలు. ముందు రోజే పోయి సెంట్రల్ దగ్గర ఒక రాత్రి ఉందామనుకున్నాం.

"నాన్నకు అసలే మసక. వెలుతురున్న గది చూడండి" అని మా ఆవిడ ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. చూశాను. ఫోన్లో ఫొటో భేషుగ్గా ఉంది. గోడ పొడవునా మెరూన్ రంగు పరదా, దాని వెనకనుంచి తెల్లటి వెలుగు. పరదా ఉందంటే కిటికీ ఉంటుందని కదా ఎవరైనా అనుకునేది! ఏసీ, టీవీ, వేడినీళ్ళు, లిఫ్టు, ఆఖరికి సబ్బుబిళ్ళ కూడా రాశారు కింద. కిటికీ అని మాత్రం రాయలేదు. లేనిదాన్ని లేదని రాసే ఆచారం హోటళ్ళకు లేదని నాకప్పుడు తట్టలేదు.

మా మామగారి గురించి ఒక ముక్క చెప్పాలి. మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఓవర్సీరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఎవరింటికి పోయినా ముందు గోడల్ని పలకరించి ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తారు. మా పెళ్ళిచూపుల్లో కూడా నా జీతం మా నాన్నను అడిగారు గానీ, నన్నడిగింది మాత్రం మా వంటింటి పొగ ఎటు పోతుందని.

గదిలోకి అడుగు పెడుతూనే పరదా వంక తిరిగి, "పర్లేదయ్యా అల్లుడూ, ఎండ బాగానే పడతా ఉండాదే" అన్నారు. సామాను తెచ్చిన కుర్రాడు నేల చూపులు చూశాడు. మామగారు వెళ్ళి పరదా అంచు పట్టుకుని సర్రున లాగారు. ఇనుప రింగులు కడ్డీ మీద గలగలమన్నాయి.

గోడ. లేత నీలం రంగు గోడ. దానికి నిలువుగా బిగించిన ఒక ట్యూబ్‌లైటు. ఆ లైటు పక్కన, పురుగులొస్తాయని కాపలా కాస్తున్న ఒక బల్లి. పరదా ఎవరూ తీసిన పాపాన పోలేదేమో, అది మమ్మల్ని చూసి మేము దాన్ని చూసినదానికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయి, తోక విదిలించి పైకి పాకింది.

మామగారు ఆ ట్యూబ్‌లైటును కొసనుంచి కొసదాకా చేత్తో తడిమారు, గాజు తలుపు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని. వేలు కాలాక చెయ్యి తీసేశారు.

"ఏందయ్యా ఇది?"

"రూము వచ్చి చల్లగా ఉంటుంది సార్" అన్నాడు కుర్రాడు. "ఎండ వచ్చి రాదు."

"వచ్చి రాకపోవడమేంది? వస్తదా, రాదా?"

"రాదు సార్."

"మరి వచ్చి అంటివే?"

"అదే సార్. వచ్చి... రాదు."

నేను కలగజేసుకోకపోతే ఆ సంభాషణ చెకౌట్ దాకా నడిచేది. వచ్చి అంటే ఏమీ కాదని మామగారికి చెప్పాను. అర్థం లేని మాట మనిషి ఎందుకు వాడతాడని నన్నే నిలదీశారు. అలా అడిగితే మన ఆఫీసు ఫైళ్ళలో సగం మాటలు ఎగిరిపోతాయి మామయ్యా అందామనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆయన నేలమీది టైల్స్ లెక్కపెట్టారు. రెండడుగుల పలకలు, అటు ఐదు, ఇటు ఆరు. "పది పన్నెండ్లు నూటా ఇరవై" అంటూ నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగి, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఆయనకు విష్ణుసహస్రనామంలాగా నోటికొచ్చు. చెమటా వేడీ కలిసిన ఊళ్ళలో గది నేల ఎంతుందో అందులో ఆరో వంతు కిటికీకి వదలాలి. పొడి వేడి ఊళ్ళలో అయితే పదో వంతు చాలు. మద్రాసులో వేడీ చెమటా రెండూ పుష్కలమే కాబట్టి ఆరో వంతే న్యాయం.

"నూటా ఇరవైలో ఆరో వంతు ఇరవై. మీరు మాకు ఇరవై చదరపు అడుగుల కిటికీ బాకీ ఉండారు" అన్నారు మామగారు, అప్పు వసూలుకొచ్చినట్టు.

కుర్రాడు బెదరలేదు. "డీలక్స్‌లో విండో వచ్చి ఉంది సార్. ఏడొందలు ఎక్స్‌ట్రా."

"అడుక్కు ముప్పై ఐదు" అని మామగారు గొణుక్కున్నారు. ఆ ధరకు ఇష్టపడ్డట్టే ఉన్నారు. సరే చూద్దామని మూడో అంతస్తుకెక్కాం. డీలక్స్‌లో నిజంగానే కిటికీ ఉంది. రెండడుగులకు రెండడుగులు. రెక్క తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క లాడ్జి గోడ, ఆ గోడకు వరసగా ఏసీ డబ్బాలు. తెరిచీ తెరవగానే అన్నీ కలిసి మా మొహం మీద వేడిగాలి ఊదాయి. "నాలుగడుగులే! అంటే అడుగు నూటా డెబ్బై ఐదు! పైగా పక్క గోడకు వదలాల్సిన సెట్‌బ్యాక్ ఏదయ్యా? దీనికి ప్లాను ఎవడు పాస్ చేశాడు?" అని మామగారు మండిపడ్డారు.

ఇక్కడ నేను నోరు మెదపలేదు. నెల్లూరులో మేముండే పోర్షన్ వంటింటి కిటికీ తీస్తే పక్కింటావిడ పోపు మా బాణలిలో పడుతుంది. ఆ ఇంటి ప్లాను మీద ఎవరి సంతకం ఉందో మా ఇంట్లో ఎవరమూ అడగం.

మళ్ళీ గుడ్డిగదికే వచ్చాం. సాయంత్రం టిఫినుకని బయటికొస్తే, రోడ్డు పేరు వాల్‌టాక్స్ రోడ్డని బోర్డు. గోడపన్నేంది అన్నారు మామగారు. నాకు తెలిసింది చెప్పాను. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళు ముట్టడించి, ఆ తర్వాత హైదర్ అలీ గుర్రాలు వచ్చిపడి భయపెట్టాక, కుంఫిణీవాళ్ళు నల్లవాళ్ళ పట్నం చుట్టూ గోడ కట్టారు. ఆ ఖర్చు ఊళ్ళోవాళ్ళ దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, రోడ్డుకు పేరు మాత్రం మిగిలింది. గోడ కూడా దాదాపు పోయింది, పాతజైలు రోడ్డు వైపు ఒక ముక్క ఉంది.

మామగారు ఇడ్లీ తుంచుతూ కాసేపు ఆలోచించి, "వసూలు కాకపోవడమేంది, ఇప్పుడు చేస్తా ఉండారుగా. పదహారొందలు, నాలుగు గోడలు. గోడకు నాలుగొందలు" అన్నారు.

రాత్రి లైట్లార్పితే చీకటంటే ఏమిటో తెలిసింది. మన ఇళ్ళల్లో చీకటికి ఎక్కడో ఒక చిల్లు ఉంటుంది, వీధిదీపమో, పక్కింటి టీవీయో. ఇక్కడ కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. స్ప్లిట్ ఏసీ బయటిగాలి తేదు కదా, ఉన్న గాలినే తిప్పి తిప్పి పెడుతుంది. అర్ధరాత్రయ్యేసరికి ముందెవరో తిన్న సాంబారన్నం వాసన కూడా మాకు బంధువైపోయింది. నిద్ర పట్టక పిచ్చి ఆలోచనలు. గవాక్షమంటే ఆవుకన్ను. ఇంగ్లీషువాళ్ళ విండోకు కూడా పూర్వం గాలికన్ను అనే అర్థమట. కంటి కోసం వచ్చి కన్ను లేని గదిలో పడ్డాం. ఈ వచ్చికి మాత్రం అర్థముంది.

ఎప్పుడు లేచానో తెలియదు, బాత్‌రూముకని గోడ తడిమి ఒక స్విచ్ నొక్కాను. పరదా వెనక సూర్యోదయమైంది. గబుక్కున ఆర్పి, నా పని చూసుకుని వచ్చేసరికి మామగారు మంచం మీద కూర్చుని, తన బెడ్‌లైటు కింద చేతిగడియారాన్ని ముక్కుకు ఆనించుకుని ఉన్నారు.

"అల్లుడూ! ఎనిమిదీ పదమూడు!"

గుండె జారిపోయింది. ఫోన్ చూద్దామంటే చచ్చిపడి ఉంది, ప్లగ్గు పెట్టాను గానీ స్విచ్ వెయ్యలేదు. పరీక్షల టోకెన్ పోయిందే అని ఆయన బాత్‌రూములోకి, నేను చొక్కాలోకి. ఐదు నిమిషాల్లో రిపోర్టుల సంచీతో సహా మెట్లమీద ఉన్నాం, లిఫ్టుకు కూడా ఆగకుండా. కౌంటర్ దగ్గర కుర్రాడు సోఫాలో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. "చూడయ్యా, ఎనిమిదైనా లేవలేదు, అందుకే ఈ హోటలు ఇట్టా ఉంది" అన్నారు మామగారు. వీధిలోకొస్తే కారుచీకటి. "మబ్బు పట్టింది" అన్నారు. నేనూ నమ్మాను. కిటికీ లేని గదిలో పన్నెండు గంటలుంటే మనిషి దేన్నైనా నమ్ముతాడు.

రోడ్డు చివరికి నడిస్తే సెంట్రల్ స్టేషన్ కనబడింది. 1873 నాటి ఎర్రభవనం, దాని నెత్తిన గడియారం. మూడు కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది. మామగారి కంటికి పెద్దముల్లూ చిన్నముల్లూ ఒకటే పొడుగు. రెండూ నలభై కాస్తా ఎనిమిదీ పదమూడై కూర్చుంది.

అక్కడే బండి మీద టీ తాగాం. ఎవరమూ మాట్లాడుకోలేదు. టీ మాత్రం బాగుంది.

ఆసుపత్రిలో పని వేగంగానే జరిగింది. కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, మళ్ళీ వేసి, లోపలంతా చూశారు. వచ్చే నెల ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ చుక్కల ప్రభావం కొన్ని గంటలుంటుందని, వెలుతురు కొడుతుందని చెప్పే పంపారు. చెప్పడం వేరు, మద్రాసు మిట్టమధ్యాహ్నంలోకి అడుగుపెట్టడం వేరు. మామగారు "అబ్బా" అని కళ్ళు మూసేశారు. ఆటోలో నల్లకళ్ళజోడు, దానిమీద తువ్వాలు, తువ్వాలు మీద రిపోర్టుల ఫైలు. సిగ్నల్ దగ్గర పక్క బస్సు అద్దంలోంచి ఎండ తళుక్కుమంటే ఆ అద్దాన్నీ దాని వంశాన్నీ తిట్టారు.

గదికి చేర్చాను. చెకౌట్‌కు ఇంకో గంట కూడా లేదు, రైలు సాయంత్రం. కిందికెళ్ళి అడిగితే కుర్రాడు "హాఫ్ డే వచ్చి ఎనిమిదొందలు" అన్నాడు. పైకొచ్చి చెప్పాను. నిన్న ఏడొందలకు అడుగుల లెక్క కట్టిన మనిషి, మారు మాట్లాడకుండా జేబులోంచి నోట్లు తీసి, ఏది ఎంతో నన్నే చూసుకోమన్నారు.

"ఆ పరదా దగ్గర లైటు ఆర్పు."

ఆర్పాను.

"బాత్‌రూము తలుపు మూయి. గది తలుపు కింద సందులోంచి వరండా వెలుగు వస్తా ఉండాది, తువ్వాలు కుక్కు."

కుక్కాను. ఫోన్ బోర్లించమన్నారు, బోర్లించాను. చీకట్లో ఆయన గుండెలనిండా ఊపిరి పీల్చడం వినబడింది. "ఆపరేషన్‌కు కూడా ఇదే గది చెప్పిపెట్టు" అన్నారు.

అంతలో తలుపు మీద టకటక. తువ్వాలు జరక్కుండా వేలెడంత సందు తీశాను. నిన్నటి కుర్రాడు, మొహం వెలిగిపోతూ.

"సార్, ఓనర్‌తో వచ్చి మాట్లాడాను. పెద్దాయన అంత ఆశపడ్డారు కదా. డీలక్స్ వచ్చి ఇదే రేటుకు ఇస్తాం, విండోతో."

నేను నోరు తెరిచేలోపే వెనక చీకట్లోంచి గొంతు వచ్చింది.

"కిటికీ వచ్చి వద్దని చెప్పయ్యా. ముందా తలుపు వెయ్యి!"