ఆచితూచి రాసిన బతుకు పుస్తకాలు

ఎలా బతికితే బాగుంటుందో చెప్పే అమెరికా పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలో ఉపదేశం ఒక్కటి కూడా లేదు. ఆ పేజీ నిండా ఇల్లు కట్టుకున్న ఖర్చు ఉంటుంది. చెక్క పలకలకు 8 డాలర్ల మూడున్నర సెంట్లు. అద్దాలతో సహా రెండు పాత కిటికీలకు 2 డాలర్ల 43 సెంట్లు. వెయ్యి పాత ఇటుకలకు 4 డాలర్లు. రెండు పీపాల సున్నానికి 2 డాలర్ల 40 సెంట్లు, ఆ పక్కనే ధర ఎక్కువైందని చిన్న గమనిక. గోడ పూతలో కలిపే వెంట్రుకలకు 31 సెంట్లు, అవసరానికి మించి కొన్నానని ఇంకో గమనిక. మేకులకు 3 డాలర్ల 90 సెంట్లు. సుద్దకు ఒక సెంటు. సామాను చేరవేతకు 1 డాలరు 40 సెంట్లు, చాలామటుకు వీపు మీదే మోశానని మరో మాట. అన్నీ కలిపి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు.

రాసింది హెన్రీ డేవిడ్ థోరో. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊరి మనిషి. 1845 జులై 4న వాల్డెన్ సరస్సు ఒడ్డున, స్నేహితుడు ఎమర్సన్‌కు చెందిన స్థలంలో, పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న ఒంటిగదిలోకి వెళ్లాడు. 1847 సెప్టెంబర్ 6న బయటికొచ్చాడు. ఆ అనుభవం మీద ‘వాల్డెన్’ 1854లో అచ్చయింది. మన పాఠకుల్లో చాలామందికి థోరో రెండు దారుల్లో తెలుసు. ఒకటి, గాంధీ చదివిన శాసనోల్లంఘన వ్యాసం రాసినవాడిగా. రెండోది, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ వాట్సాప్ శుభోదయ సందేశాల్లోనూ తిరిగే నాలుగైదు వాక్యాల కర్తగా. అడవికి వెళ్లు, నిరాడంబరంగా బతుకు, నీ కలల వైపు నడువు. ఆ వాక్యాలు ఆయనవే కావచ్చు. కానీ వాటి చుట్టూ ఉన్న మేకులు, సున్నం, అర సెంటు తీసేశాక మిగిలేది థోరో అంటే నేను ఒప్పుకోను.

ఎందుకంటే ఈ కోవ అమెరికా రచయితలకు ఎలా బతకాలన్న ప్రశ్న, ఏ మాట వాడాలన్న ప్రశ్న ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ‘తక్కువ ఖర్చుతో ఇల్లు కట్టుకున్నాను’ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునే వీలు థోరోకు ఉంది. అలా చెబితే మనం తలూపి ముందుకు వెళ్లిపోతాం. లెక్క మన ముందు పెడితే మన లెక్క మనం తీయాల్సి వస్తుంది. ఆయన అక్కడే ఇంకో అంకె ఇస్తాడు: కేంబ్రిడ్జి కాలేజీలో, అంటే హార్వర్డ్‌లో, విద్యార్థి ఒక గదికి ఏడాదికి కట్టే అద్దె 30 డాలర్లు. దాని మీద వ్యాఖ్యానం కూడా పెద్దగా అక్కర్లేదు.

ఆ అధ్యాయంలోనే ఖరీదు అన్న మాటను ఆయన కొత్తగా తూకం వేస్తాడు. ఒక వస్తువు ఖరీదంటే దాని కోసం వెంటనే గానీ కాలక్రమంలో గానీ మనం మార్పిడిగా ఇచ్చుకోవలసిన బతుకు ఎంతో, అంత అంటాడు. చెప్పి వదిలేయకుండా రైలు ఉదాహరణ తెస్తాడు. కాంకర్డ్ నుంచి ఫిచ్‌బర్గ్‌కు 30 మైళ్లు, టికెట్ 90 సెంట్లు. అదే రైలుదారి మీద కూలీలకు రోజుకు 60 సెంట్లు ఇచ్చిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. నేను ఇప్పుడే నడక మొదలుపెడితే చీకటి పడేలోగా చేరతాను, నువ్వు ముందు టికెట్ డబ్బు సంపాదించుకుని, ఆ పని దొరికితే ఈ రాత్రికో, లేదంటే రేపో దిగుతావు అని స్నేహితుడితో అంటాడు. ఇందులో వాదన గెలవాలన్న పట్టుదల కొంత ఉంది, నిజమే. అయినా డబ్బును రోజుల్లోకి మార్చి చూడటం అప్పట్లో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల వాయిదాల మీద ఫ్లాటు కొన్నవాళ్లకు ఈ నిర్వచనాన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మాట విషయంలో థోరో పట్టింపు ఎలాంటిదో తెలియాలంటే శీతాకాలపు సరస్సు మీద రాసిన అధ్యాయం చదవాలి. వాల్డెన్ సరస్సుకు అడుగే లేదని చుట్టుపక్కల జనం అనుకునేవాళ్లు. ఎవరూ తాడు వేసి చూసింది లేదు. 1846 మొదట్లో, మంచు కరగక ముందే, థోరో దిక్సూచి, గొలుసు, లోతు కొలిచే తాడు పట్టుకుని సరస్సు మీదికి వెళ్లాడు. చేపలు పట్టే దారానికి సుమారు పౌనున్నర బరువున్న రాయి కట్టి దించాడు. రాయి అడుగు నుంచి ఎప్పుడు లేచిందో చేతికి స్పష్టంగా తెలిసేదట. అడుగున ఆనుకుని ఉన్నంతసేపూ రాయి కింద నీళ్లు ఉండవు కాబట్టి గట్టిగా లాగాలి, కొంచెం లేవగానే నీళ్లు కిందికి చేరి సాయం పడతాయి, తాడు తేలికవుతుంది. ఆ తేడా చేతిలో తెలిసిన మనిషి రాసిన అంకె ఇది: బాగా లోతైన చోట 102 అడుగులు. తర్వాత నీటిమట్టం పెరిగింది కాబట్టి ఇంకో 5 కలిపి 107.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి మాట. సరస్సు లోతుగా, స్వచ్ఛంగా ఉండి ఒక ప్రతీకగా నిలిచినందుకు కృతజ్ఞుణ్నంటాడు. కొలిచాక కూడా ఆ సరస్సు మీద ఆయన ఆశ్చర్యం చెక్కుచెదరలేదు. లోతు తెలిశాకే అది ప్రతీకగా నిలబడుతుందని ఆయన నమ్మాడు. ‘అనంతం’, ‘అగాధం’ లాంటి మాటలు కొలవడానికి బద్ధకించి వాడేవి కాకూడదన్న పట్టుదల ఇది. కవిత్వం పేరుతో మన దగ్గర ఈ మాటలు ఎంత చౌకగా దొర్లుతున్నాయో చూసినప్పుడల్లా నాకు ఆ రాయీ తాడూ గుర్తొస్తాయి.

అదే సరస్సు మీద మంచు కోసే కూలీలను చూస్తూ ఆయన మద్రాసును తలుచుకుంటాడు. బోస్టన్ నుంచి ఓడల్లో మంచు మన తీరానికి వచ్చిన కాలం అది. అప్పట్లో ఆంధ్ర తీరం, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ మంచు నిల్వ చేయడానికి కట్టిన ఐస్‌హౌస్ మెరీనా ఎదురుగా ఇప్పటికీ ఉంది, వివేకానందుడు బస చేసిన ఇల్లు అదే. పొద్దున గీత చదువుకునే తన సరస్సు నీళ్లు గంగలో కలుస్తున్నాయని థోరో రాసుకున్నాడు.

ఇంత పట్టింపు ఉన్న మనిషీ ఒకచోట తూకం తప్పాడు. వాన కురుస్తుంటే జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ కూలీ గుడిసెలో తలదాచుకుని, టీ, కాఫీ, మాంసం మానేస్తే ఇంత చాకిరీ అక్కర్లేదని ఆ ఇంటివాళ్లకు బోధ చేస్తాడు. ఫీల్డ్ పక్క రైతు దగ్గర బురదనేల తవ్వుతూ ఎకరాకు 10 డాలర్ల చొప్పున సంపాదిస్తున్నాడు. పెళ్లాం, పిల్లలు ఉన్నారు. ఒంటరి మనిషి, హార్వర్డ్‌లో చదివినవాడు, స్నేహితుడి స్థలంలో అద్దె లేకుండా ఉన్నవాడు చెప్పే ఈ లెక్క అక్కడ అతకదు. తన మేకులకు ఇచ్చినంత శ్రద్ధ ఫీల్డ్ పిల్లల ఆకలికి ఇవ్వలేదు. ఆ పేజీల్లో వాక్యాలు కూడా బిరుసుగా, తీర్పులుగా మారిపోవడం గమనించండి. చూపు మందగించిన చోట మాట కూడా మందగించింది. ఇంతకంటే ఎక్కువగా వినిపించే విమర్శ ఒకటుంది: బట్టలు ఇంటికి పంపి ఉతికించుకున్నాడని. దానికి మటుకు ఆయన్ను తప్పుపట్టలేం. ఉతుకు, కుట్టు పనులు చాలావరకు బయటే జరిగాయని, ఆ బిల్లు ఇంకా అందలేదని ఖర్చుల పట్టికలోనే రాశాడు.

ఈ పుస్తకం ఊరికే ఇలా తయారవలేదు. మొదటి ప్రతి సరస్సు ఒడ్డునే రాశాడు. అచ్చుకు వెళ్లేలోగా మొత్తం ఏడు ప్రతులు రాశాడని, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతులను పరిశీలించిన పండితుడు ఒకరు 1957లో తేల్చారు. మధ్యలో 1849లో వచ్చిన మొదటి పుస్తకం అమ్ముడుపోలేదు. వెయ్యి ప్రతుల్లో 706 ప్రతులు 1853లో ఇంటికి తిరిగొచ్చాయి. వాటిని తనే మేడ మీదికి మోసుకెళ్లి, మళ్లీ రెండో పుస్తకం దిద్దుకుంటూ కూర్చున్నాడు.

ఈ దారి థోరోతో మొదలైంది కాదు. ఫిలడెల్ఫియాలో అచ్చాపీసు నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో దీని మొదలు కనిపిస్తుంది. కుర్రతనంలో ఆయన లండన్ పత్రిక ‘స్పెక్టేటర్’ వ్యాసాలు తీసుకుని, ఒక్కో వాక్యం భావాన్ని పొట్టిగా రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టి, తర్వాత మూలం చూడకుండా మళ్లీ రాసేవాడు. పక్కపక్కన పెట్టి తన తప్పులు దిద్దుకునేవాడు. పదసంపద చాలడం లేదని గ్రహించి ఆ వ్యాసాలను పద్యాలుగా మార్చేవాడు, ఎందుకంటే పద్యానికి ఒకే అర్థమున్న వేర్వేరు కొలతల పదాలు వెతుక్కోక తప్పదు.

ఇదంతా రాత సాధన. కానీ నడవడిక సాధనకు పూనుకున్నప్పుడు కూడా ఆయన మొదట చేసింది పదాల పనే. మితం అన్న గుణాన్ని కొందరు తిండికీ తాగుడుకీ పరిమితం చేశారు, ఇంకొందరు అన్ని సుఖాలకూ కోపతాపాలకూ సాగదీశారు. ఇలాగైతే పాటించానో లేదో తేలదని, ఒక్కో పేరు కింద తక్కువ భావం ఉండేలా ఎక్కువ పేర్లు పెట్టుకున్నాడు. అలా 13 గుణాలు వచ్చాయి. ఒక్కోదానికి పొట్టి నియమం, చిన్న పుస్తకంలో ఒక్కో పేజీ, ఎర్ర సిరాతో గీసిన గడులు, తప్పినప్పుడల్లా నల్ల చుక్క. చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడుతుంటే దంతపు పలకల మీదికి మార్చి, తడి స్పాంజితో తుడుచుకునేవాడు. మంచిగా ఉండాలి అన్న కోరికకు చుక్క పెట్టడం కుదరదు. పనికిమాలిన కబుర్లు మానాలి అన్నదానికి కుదురుతుంది.

ఆ పట్టికలో ఎనిమిదోది న్యాయం. ఎవరికీ హాని చేయకూడదు, ఇతరులకు చేయవలసిన మేలు ఎగ్గొట్టకూడదు అని దాని నియమం. ఇది రాసుకున్న మనిషి ఇంట్లో బానిసలు ఉండేవారు. 1787లో ఆయన పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు, 1790లో బానిసత్వానికి వ్యతిరేకంగా అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లిన విజ్ఞప్తి మీద సంతకం పెట్టాడు. కానీ మధ్యలో గడిచిన దశాబ్దాలు చిన్నవి కావు. మాట ఎంత చక్కగా చెక్కినా, అందులోకి ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్నది మిగిలే ఉంటుంది.

అందుకే ఈ వరుసలో ఫ్రెడరిక్ డగ్లస్‌ను చదవకపోతే చదువు సగమే. థోరో గదిలో చేరిన 1845లోనే ఆయన ఆత్మకథ వెలువడింది. మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టినవాడు. బాల్టిమోర్‌లో యజమాని భార్య అక్షరాలు నేర్పుతుంటే యజమాని మాన్పించాడు. వీధిలో ఆకలిగా ఉన్న తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి మిగతా చదువు వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ‘అబాలిషన్’ అన్న పదం పదేపదే చెవిన పడేది. బానిస పారిపోయినా, ఎవరైనా యజమానిని చంపినా అది ఆ అబాలిషన్ ఫలమే అనేవాళ్లు. నిఘంటువు తీసి చూస్తే ‘రద్దు చేయడం’ అని ఉంది. దేన్ని రద్దు చేయడమో తెలియలేదు. యజమానులు ఆ మాట ఎత్తే తీరు చూసి, ఎవరినీ అడిగే ధైర్యం చేయలేదు. చాలా రోజులు ఓపిక పట్టాక ఒక పత్రిక చేతికొచ్చింది, బానిసత్వం రద్దు చేయమని ఉత్తరాది జనం పెట్టుకున్న విజ్ఞప్తుల వార్త అందులో ఉంది. ఆ రోజు నుంచి ఆ మాట వినిపిస్తే దగ్గరికి జరిగి వినేవాడు.

ఆత్మకథ రాసేటప్పుడు ఆయన యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్నవున్నట్టు రాశాడు. అప్పటికి చట్టం దృష్టిలో ఇంకా పారిపోయిన బానిసే. అచ్చయ్యాక పట్టుబడే ప్రమాదం పెరిగి బ్రిటన్ వెళ్లాల్సి వచ్చింది. అయినా ఒక్క సంగతి మాత్రం ఆ పుస్తకంలో రాయలేదు: ఎలా తప్పించుకున్నాడన్నది. రాస్తే వెనక రాబోయేవాళ్లకు ఆ దారి మూసుకుపోతుందని పుస్తకంలోనే చెప్పాడు. నావికుడి కాగితాలు పట్టుకుని రైలెక్కానన్న వివరం 1881లో, బానిసత్వం పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత బయటపెట్టాడు. మాట ఎంపికలో ఇంతకు మించిన బాధ్యత నేను ఏ సాహిత్యంలోనూ చూడలేదు. ఏ పేరు రాయాలో, ఏ దారి రాయకూడదో రెండూ బతుకుల మీద లెక్కగట్టి తేల్చుకున్నాడు.

ఈ పుస్తకాలకు ఇప్పుడు కాపీరైట్ లేదు, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొటేషన్లుగా కాక అధ్యాయాలుగా చదవమని నా విన్నపం. ఒంటరిగా కంటే నలుగురితో కలిసి చదివితే ఇంకా మంచిది. ఫ్రాంక్లిన్ 1727లో మొదలుపెట్టిన ‘జుంటో’ అనే చిన్న సంఘంలో అద్దాల పనివాడు, భూమి కొలిచేవాడు, చెప్పులు కుట్టేవాడు ఉండేవాళ్లు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్లు. ‘నిస్సందేహంగా’ తరహా మొండి మాటలు వాడినవాళ్లు చిన్న జరిమానా కట్టాలి. మీరు ఈమధ్య చదివినదాంట్లో మాతో పంచుకోదగ్గది ఏముంది అన్నది వాళ్లు వేసుకునే మొదటి ప్రశ్న. మన ఊళ్లలో నెలనెలా కూర్చునే సాహిత్య బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి నేను సూచించే వరుస ఇది: ముందు డగ్లస్ ఏడో అధ్యాయం, తర్వాత థోరో సరస్సు లోతు కొలిచిన అధ్యాయం, ఆ తర్వాతే ఖర్చుల లెక్కలున్న మొదటి అధ్యాయం. ఆ మొదటి అధ్యాయం పుస్తకంలో అన్నిటికన్నా పెద్దది, రెండు మూడు నెలలు పట్టినా తొందరపడక్కర్లేదు. డగ్లస్‌ది గట్టిగా చదివినా అరగంటలో అయిపోతుంది, మిగతా సాయంత్రమంతా మాట్లాడుకోవడానికి ఉంటుంది.