జ్వరంతో బాధపడుచున్నందున... ఇంతే సంగతులు

ఏడో తరగతిలో, రేపు రాబోయే జ్వరానికి ముందుచూపుతో ఇవాళే ఒక సెలవు చీటీ రాసిచ్చాను. ‘యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని రాసి, చుక్క పెట్టి, కింద ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అని సంతకం చేశాను. ఇంగ్లీషు మాస్టారికి జ్వరం మీద అనుమానం రాలేదు. "బాధపడుతున్నావు సరే, అయితే ఏంటి?" అంటూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. డాక్టరు చీటీ అడుగుతారని భయపడ్డాను గానీ, మెయిన్ క్లాజు (అసలు సంగతి చెప్పే ప్రధాన వాక్యం) అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

‘అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ వరకూ అది స్వతంత్ర క్లాజే. కర్త ఉంది, క్రియ ఉంది, తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. దాని నెత్తిన రెండక్షరాల ‘యాజ్’ పెట్టి చూడండి. కర్త అక్కడే, క్రియ అక్కడే, జ్వరం ఒక్క డిగ్రీ తగ్గలేదు. స్వాతంత్ర్యం మాత్రం పోయింది! ‘ఐ కెనాట్ కమ్ టు స్కూల్’ అనే పెద్దదిక్కు వచ్చేదాకా అది దిక్కులేనిదే. బికాజ్, ఇఫ్, వెన్, ఆల్దో... అన్నీ ఈ బాపతే. (ఆల్దోతో మొదలెట్టి మధ్యలో బట్ కూడా ఇరికించే మన అలవాటుకు వేరే సిరాబుడ్డి కావాలి.)

పైగా మర్యాదలొకటి. ఈ పరాధీన క్లాజు ముందొస్తే చివర కామా పెట్టి సాగనంపాలి, వెనకొస్తే చాలాసార్లు అక్కర్లేదు. రెండూ స్వతంత్రమైతే ఒకే ఒరలో రెండు కత్తులు. మధ్యలో ఒట్టి కామా తడిక కడితే చాలదు. ఫుల్‌స్టాపో, సెమికోలనో, కామాతో పాటు ‘సో’ లాంటి మధ్యవర్తో ఉండాలి.

ఇంత పట్టింపు మనకెందుకన్నదే నా బాధ. మెయిన్ క్లాజు లేకుండానే కదా మన పనులన్నీ నడుస్తున్నాయి! గుమాస్తా "సారు వస్తే..." అంటాడు, మనం వచ్చే నెల మళ్లీ వెళ్తాం. పెళ్లివారు "అబ్బాయి ఇంకాస్త సెటిలైతే..." అంటారు, మనం లేచి చెప్పులేసుకుంటాం. తెలుగు మాస్టారు వీటిని అసమాపక క్రియలన్నారు, వాక్యం పూర్తి కాదన్నారు. చెప్పులేసుకున్నవాణ్ణి అడగండి, పూర్తయిందో లేదో.

ఆ రోజు బుద్ధిగా చీటీ తిరగరాశాను. మెయిన్ క్లాజు తగిలించాను, కామా కూడా మరిచిపోలేదు. మాస్టారు రెండుసార్లు చదివి, తల ఊపి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటే..." అన్నారు.